టోక్యోలో అన్నిసార్లు, మన ఊళ్ళో అరుదుగా... ఎందుకు?

రామచంద్రపురంలో ఉన్న నీకు టోక్యో నుంచి బాబాయి ఫోన్ చేసి, "మళ్ళీ భూకంపంరా, దీపాలు ఊగాయి" అన్నాడనుకో. మరి మనకెందుకు రాదు?

భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. జపాన్ దగ్గర ఒక పలక కిందికి మరొకటి దూరుతూ ఉంటుంది. బిగుసుకున్న తలుపును నెడుతూ ఉంటే ఉన్నట్టుండి ధడాలున తెరుచుకోదూ? అలా పట్టు జారినప్పుడల్లా నేల అదురుతుంది. మనం పలక నడుమ ఉన్నాం. అయినా అసలు రాదని కాదు. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో వస్తే హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది.

పళ్ళెంలో జున్ను ముక్కనూ కొబ్బరి ముక్కనూ పెట్టి కదిపి చూడు. జున్ను ఎలా వణుకుతుందో! గట్టి నేల కంటే మెత్తటి నేలా అలాగే ఎక్కువ ఊగుతుంది. టోక్యో తూర్పు భాగం నదులు తెచ్చిన మెత్తటి మట్టి మీద ఉంది. మన గోదావరి ఒండ్రూ అలాంటిదే. నేల కదిలితే గట్టి బల్ల కిందికి దూరి తల కాపాడుకో, నాన్నా.