ఉప్పెన గుర్తుతో ఇంటి చరిత్ర

"మా ముత్తాతగారు రక్తాక్షిలో పుట్టారు" అని బందరు వృద్ధులొకరు చెప్పినంత మాత్రాన సంవత్సరము తేలదు. తెలుగు సంవత్సరముల పేర్లు 60 ఏండ్లకొకసారి తిరిగి వచ్చును గదా! రక్తాక్షి 1804లోను, 1864లోను, 1924లోను వచ్చినది. "ఉప్పెన వచ్చిన యేడే" అన్న మాట తోడైనచో చిక్కు వీడును: సుమారు 30,000 మందిని బలిగొన్న బందరు ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చినది.

దివిసీమలో గుర్తు 1977 నవంబరు 19. "ఉప్పెననాటికి అక్కకు అప్పుడే నడక వచ్చింది" అనినచో ఆమె పుట్టుక 1976 ప్రాంతమన్నమాట.

ఇంటి కాగితములు నీట కలిసినను, రిజిస్టరయిన భూమి దస్తావేజు నకలును రుసుము చెల్లించి ఎవరైనను సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో కోరవచ్చును. అందు సాధారణముగా తండ్రి పేరు, గ్రామము ఉండును.

వంశవృక్షము గీయువారు తరచు మరచునది ఆడపడుచులను. దివినుండి గుడివాడకు కాపురమునకు వచ్చిన మామ్మగారిని అడిగినచో, ఉప్పెనలో పోయినవారి పేర్లు వరుసలతో సహా చెప్పుదురు. అందు పసిపిల్లల పేర్లు మరే కాగితములోను ఉండకపోవచ్చును.