వేసవిలో సూరత్: నాటి ఎద్దుబండి, నేటి చక్రాల ఇల్లు

సూరత్ నగరంలోని ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలలో, మరమగ్గాల చప్పుళ్ల నడుమ, తెలంగాణ నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం నివసిస్తున్నవి. వేసవి సెలవులలో స్వస్థలం నుండి బంధువులు వస్తారు. అందరూ కలిసి వాను మాట్లాడుకొని చారిత్రక స్థలాలు చూడబోవుట కద్దు. ఈ మధ్య పడకలు, వంటసామగ్రి అమర్చిన వాహనాలు కూడ అద్దెకు లభిస్తున్నవి. ఇల్లే వెంట వచ్చునప్పుడు ఎండకు వెరపెందుకని కొందరి ధీమా. అది వట్టి ధీమాయే.

ఇంటివంటి బండి సూరత్‌కు క్రొత్త గాదు. 17వ శతాబ్దిలో ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే ఇచ్చటి ఎద్దుబండ్లను గూర్చి వివరంగా వ్రాసినాడు. అద్దె దినానికి ఇంచుమించు ఒక రూపాయి. ఆగ్రాకు 35, 40 దినాల ప్రయాణం. మన గోలకొండకు కూడ దాదాపు అంతే. అట్టి బాటసారులకు, హజ్ యాత్రికులకు ఆశ్రయంగా 1644లో కట్టిన మొఘల్ సరాయి నేటికీ నిలిచి, నగరపాలక సంస్థ కార్యాలయంగా ఉపయోగపడుతున్నది.

సూరత్ ఎండను ఉష్ణమాపకం చూచి అంచనా కట్టరాదు. సముద్రం సమీపమగుటచే గాలిలో తేమ హెచ్చు. చెమట పట్టును గాని ఆరదు. ఆరినగాని దేహం చల్లబడదు. కరీంనగరంలో 42 డిగ్రీల పొడి ఎండకు ఓర్చినవాడు ఇచ్చట అంతకు తక్కువలోనే సొమ్మసిల్లవచ్చును. 2010 మే మాసంలో అహమ్మదాబాదులో మామూలుకంటె 1,344 మరణాలు అధికంగా సంభవించినవని తరువాతి పరిశీలనలో తేలినది. 2013లో ఆ నగరం వడగాడ్పుల ప్రణాళిక చేపట్టుటకు కారణమదే. ఎండలో ఆపి, అద్దాలు మూసిన వాను నిమిషాలలో కొలిమి అగును. పసివారిని, వృద్ధులను అందులో కూర్చుండబెట్టి కోట చూడబోరాదు.

కనుక తెల్లవారుజామునే కతార్‌గాం దారి పట్టవలె. అచ్చటి ఆంగ్లేయ సమాధులు గోపురాలతో, స్తంభాలతో నవాబుల సమాధులను తలపించును. అన్నిటికంటె పెద్దది ఆక్సెండెన్ సోదరులది. క్రిస్టఫర్ 1659లో, జార్జి 1669లో మరణించినారు. 1664లో శివాజీ సూరత్‌పై దాడి చేసినప్పుడు ఆంగ్లేయుల కోఠీని కాపాడిన అధ్యక్షుడు ఈ జార్జియే. డచ్చివారి శ్మశానంలో వాన్ రీడ్ సమాధి ఉన్నది. మలబారు మొక్కలను గూర్చి 12 సంపుటాల గ్రంథం వెలువరింపజేసిన ఈయన 1691లో మరణించినాడు. సేనాపతుల సమాధులకంటె ఈ వృక్షప్రియుని సమాధియే నాకు చూడదగినదనిపించును.

ఎండ ముదరకముందే నీడకు చేరవలె. పోర్చుగీసువారి దాడులకు అడ్డుగా 16వ శతాబ్దిలో తాపీ ఒడ్డున కట్టిన కోటను పునరుద్ధరించి ప్రదర్శనశాలగా మార్చినారు. తరువాత సాయంత్రం వరకు భోజనం, విశ్రాంతి. ఇది సుకుమారుల అలవాటనుకొనరాదు. 1930లో గాంధీజీ సబర్మతి నుండి దండికి సుమారు 385 కిలోమీటర్లు 24 దినాలలో నడచినప్పుడు కూడ ఉదయం, సాయంత్రం నడచి, మధ్యాహ్నం ఆగేవారు. అప్పటికి ఆయన వయస్సు 60 దాటినది.

ఆ దండి సూరత్‌కు దక్షిణంగా, నవసారి జిల్లాలో ఉన్నది. 2019లో ప్రారంభమైన ఉప్పు సత్యాగ్రహ స్మారకం సాయంవేళ చూచుటకు అనువైనది. చీకటి పడిన తరువాత తిరుగు ప్రయాణం చల్లగా సాగును. అయితే మధ్యాహ్నం అందరితోబాటు డ్రైవరు కూడ నిద్రించినాడో లేదో ముందుగా విచారించవలె.