బ్యాంకులు కలిసిపోతే అప్పు ఎవరిస్తారు?

2004 జూలై 24న హైదరాబాద్‌లోని గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకుపై మారటోరియం పడింది. ఖాతాదారు పదివేలకు మించి తీయడానికి లేదు. షేర్ బ్రోకర్లకిచ్చిన అప్పులు 2001లో కేతన్ పరేఖ్ కుంభకోణంతో మునిగి, మూలధనం హరించుకుపోయింది. ఆగస్టు 14న దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల సొమ్ము భద్రం, వాటాదారులకు సున్నా. ఆ ఓరియంటల్ కూడా 2020లో పంజాబ్ నేషనల్‌లో కలిసింది. పాత ఖాతాదారుకు 16 ఏళ్లలో మూడు పాస్‌బుక్కులన్నమాట!

డిపాజిటర్లు గట్టెక్కారు సరే, మరి అప్పు కావలసినవాళ్ల సంగతి?

కోరుట్లలాంటి పట్నంలో నాలుగు బ్యాంకులు వ్యాపారాన్ని సమానంగా పంచుకున్నాయనుకుందాం. ఒక్కోదాని వాటా 25 శాతం. వాటాలను వర్గం చేసి కూడితే 2,500. పోటీని కొలిచే హెర్ఫిండాల్ సూచీ ఇదే. రెండు బ్యాంకులు ఒకటైతే వాటాలు 50, 25, 25. సూచీ 3,750కి ఎగబాకుతుంది. సూచీ పెరిగిందంటే పోటీ తగ్గినట్టే. దేశం మొత్తం లెక్కలో ఈ మార్పు కనబడదు. కానీ బుగ్గారంలాంటి ఊరి రైతు పంట రుణం కోసం ముంబై పోలేడు గదా!

పోటీ ఒక్కటే కాదు. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) ఆసామికి సర్కారు చీరల బిల్లు ఆలస్యమైనా వస్తుందనీ, ఈలోగా నూలుకు డబ్బు కావాలనీ ఏళ్లుగా చూస్తున్న మేనేజరుకు తెలుసు. శాఖ మూతబడి, మంజూరు అధికారం నగరానికి పోతే అక్కడ సిబిల్ స్కోరుదే రాజ్యం. అమెరికాలో విలీనాల తర్వాత మూతబడిన శాఖల చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు కొత్త రుణాలు ఏళ్ల తరబడి తగ్గాయని పరిశోధనలో తేలింది. మన దగ్గర ఆ ఖాళీలోకి ఎవరొస్తారో తెలిసిందే, వడ్డీ వ్యాపారి. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ (ఎస్‌బీహెచ్) 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిశాయి. అవి దివాలా తీసినవి కావు; కానీ ఆ కాలమే మొండిబకాయిల కాలం. 2018 మార్చికి ఆ బకాయిలు దేశంలోని బ్యాంకు రుణాల్లో 11 శాతం దాటాయి. మునిగే బ్యాంకును కాపాడవద్దని ఎవరూ అనరు. మరో బ్యాంకుకు అప్పగించేముందు రెండింటి శాఖలూ ఒకే వీధిలో ఉన్నాయా అని చూడాలి, అంతే.

పాఠకులు ఒకటి గమనించాలి. డిపాజిట్ బీమా ఒక్కో ఖాతాదారుకు ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే. రెండు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలుంటే మొత్తం 8 లక్షలకూ రక్షణ ఉంటుంది. ఆ రెండూ కలిసిపోతే మిగిలే బీమా 5 లక్షలే.