ఉన్నట్టుండి ఉద్రేకం వస్తే: అపోహలు – వాస్తవాలు

గ్రూప్స్, డీఎస్సీ, సివిల్స్ కోసం ఊరొదిలి వచ్చిన పిల్లలతో హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ హాస్టళ్లు కిక్కిరిసి ఉంటాయి. వాళ్లలో ఎవరైనా ఓ అర్ధరాత్రి కేకలు వేస్తూ, ఎదుటివాళ్ల మీదికి వస్తుంటే ఆదుకోవాల్సింది రూమ్మేట్లు, వార్డెనే. ఆ కంగారులో నలుగురూ చెప్పే మాటల్లో ప్రమాదకరమైనవీ ఉంటాయి.

అపోహ: ఇది మానసిక జబ్బే. నేరుగా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వాస్తవం: రక్తంలో చక్కెర, సోడియం పడిపోయినా, మెదడుకు ఇన్‌ఫెక్షన్ సోకినా, తలకు దెబ్బ తగిలినా మనిషి ఇలాగే ప్రవర్తించవచ్చు. రోజూ బాగా తాగే మనిషి ఉన్నపళంగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, లేనివి కనిపించడం మొదలవ్వొచ్చు. అది ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ఎమర్జెన్సీ డాక్టర్లు ముందు నాడి, బీపీ, జ్వరం, ఆక్సిజన్ చూస్తారు. వేలికొస నుంచి తీసిన ఒక్క చుక్క రక్తంతో గ్లూకోమీటర్ షుగర్ ఎంతుందో సెకన్లలో చెప్పేస్తుంది. కాబట్టి మొదట వెళ్లాల్సింది ముషీరాబాద్ గాంధీ లాంటి జనరల్ ఆసుపత్రికి. ఆ వ్యక్తి వేసుకునే మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. ఎన్నాళ్లుగా నిద్ర లేదో, ఈ తేడా ఎప్పుడు మొదలైందో డాక్టరుకు చెప్పండి.

అపోహ: నలుగురు మీదపడి కట్టేస్తేనే దారికొస్తాడు.

వాస్తవం: చాలామంది భయంతోనే తిరగబడతారు. గుంపును చూస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. రెండు చేతుల దూరంలో నిలబడి, తలుపుకు అడ్డం రాకుండా, ఒక్కరే నెమ్మదిగా మాట్లాడాలి: “తమ్ముడూ, నీకేం కాదు. మంచినీళ్లు తాగుతావా?” బోర్లా పడేసి వీపు మీద కూర్చుంటే ఊపిరాడక చనిపోవచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017 గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఆసుపత్రిలోనైనా, హాని తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే కట్టాలి.

అపోహ: మత్తు ఇంజెక్షన్‌తో మెదడు పాడవుతుంది.

వాస్తవం: పాడవదు. మత్తు ఇంజెక్షన్లైన లోరాజెపామ్‌నూ, హాలోపెరిడాల్–ప్రోమెథజైన్ జంటనూ వేలూరులో 200 మంది రోగులకు ఇచ్చి పోల్చిన అధ్యయనం 2004లో వెలువడింది. ఉద్రేకాన్ని తగ్గించడంలో రెండూ పనిచేశాయి. రోగి ఒప్పుకుంటే మాత్రతోనే సరిపెట్టవచ్చు. ఇంజెక్షన్ ఇచ్చాక శ్వాస, బీపీ గమనిస్తూ ఉంటారు. అయితే నిద్రపోయినంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదు. కారణం వెతకడం అప్పుడూ ఆగకూడదు.

అపోహ: పోలీసులు వస్తే లాకప్పే.

వాస్తవం: అలాంటి వ్యక్తిని లాకప్‌లో పెట్టకూడదని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే పోలీసులను ఆదేశిస్తోంది.

హాస్టల్ నిర్వాహకులారా, రెండు నంబర్లు గేటు దగ్గర పెద్దక్షరాలతో రాయించండి. అంబులెన్సుకు 108. మానసిక సలహాకు టెలిమానస్ 14416. పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.