పెన్నేరు గడ్డ, జపాన్ కషాయం

ఒత్తిడి ఉత్త మనసు బాధే కాదు, రక్తంలో కొలవగలిగే సంగతి. బెంగ పడితే మెదడు అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతుంది, అవి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును వదులుతాయి. ఆ కబురు నెలల తరబడి ఆగకపోతే నిద్ర చెడుతుంది, బీపీ పెరుగుతుంది. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఆయుర్వేద మందుల షాపులో అడిగే అశ్వగంధ, అంటే మన పెన్నేరు గడ్డ, ఈ కార్టిసాల్‌ను తగ్గిస్తుందా? 2012లో అచ్చయిన హైదరాబాద్ పరీక్షలో 64 మందిని రెండు జట్లు చేసి 60 రోజులు చూశారు. రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం తీసుకున్నవారిలో కార్టిసాల్ దాదాపు 28 శాతం తగ్గింది. మందులేని మాత్ర మింగినవారిలో 8 శాతమే.

అరవై నలుగురితో ఏం తేలుతుందంటారా? నిజమే, అది దారి చూపింది గానీ తీర్పు చెప్పలేదు. తాతల నాటి మందుకు పరీక్షలెందుకనే మాట మాత్రం నిలవదు. జపాన్‌లో కంపో అనే సంప్రదాయ మందులు 148 దాకా ఆరోగ్య బీమా కిందకే వస్తాయి, అయినా వాటికీ జాగ్రత్త కావాలి. వాటిలో చిరాకుకు, నిద్రలేమికి ఇచ్చే కషాయం యోకుకన్‌సాన్‌లో మనకు తెలిసిన అతిమధురం ఉంది. అందులోని గ్లిసిరైజిన్, మూత్రపిండాల్లో కార్టిసాల్ పని పట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. మోతాదు మించితే పొటాషియం పడిపోయి బీపీ పెరగొచ్చు. ఒత్తిడికిచ్చే కషాయమే ఒత్తిడి హార్మోనుకు బలమివ్వడం వింతే మరి! అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. గర్భిణులు, థైరాయిడ్‌కో బీపీకో మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఈ మూలికలు మొదలుపెట్టకూడదు.