దానమా, హక్కా?

ఏటా మా పదో తరగతి పిల్లల చేత ‘ఉచిత పథకాలు’ మీద ఒక వ్యాసం రాయిస్తుంటాను. సగం మంది మొదటి వాక్యం ఒకటే: ఉచితాలు మనిషిని సోమరిని చేస్తాయి. వాళ్లలో చాలామంది బడిలో మధ్యాహ్న భోజనం తిని వచ్చి కూర్చున్నవాళ్లే. తమ కంచంలోని అన్నాన్ని తామే నిందించుకునే ఈ భాష వాళ్లకు ఎక్కడిది? సాహిత్య విద్యార్థులు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది.

సార్వత్రిక కనీస ఆదాయమంటే షరతులు లేకుండా ప్రతి వ్యక్తికీ ప్రభుత్వం క్రమం తప్పకుండా కొంత డబ్బు ఇవ్వడం. ఇది కొత్త ఊహ కాదు. భూమి మొదట అందరి ఉమ్మడి సొత్తు కనుక, దాన్ని సొంతం చేసుకున్నవారు సమాజానికి బాకీపడ్డారని 1797లో థామస్ పెయిన్ వాదించాడు. ఆ బాకీని వారసత్వపు ఆస్తుల నుంచి వసూలు చేసి, 21 ఏళ్లు నిండిన ప్రతివారికీ 15 పౌన్లు, 50 నిండినవారికి ఏటా 10 పౌన్లు ఇవ్వాలన్నాడు. దీన్ని ఆయన దానమనలేదు, హక్కు అన్నాడు. ఇవ్వడమూ వసూలు చేయడమూ ఆయన దృష్టిలో ఒకే న్యాయానికి రెండు ముఖాలు.

మన దేశంలో ఈ రెండింటినీ విడదీశారు. 2016-17 ఆర్థిక సర్వే తలకు ఏడాదికి 7,620 రూపాయల లెక్క వేసింది. జనాభాలో 75 శాతానికి ఇస్తే స్థూల దేశీయోత్పత్తిలో 4.9 శాతం ఖర్చవుతుందన్నది. దీన్ని ఉన్న సంక్షేమ పథకాలకు ప్రత్యామ్నాయంగానే ప్రధానంగా చర్చించింది. మరోపక్క 1953 నాటి వారసత్వ పన్ను 1985లో, 1957 నాటి సంపద పన్ను 2015లో రద్దయ్యాయి. 2013-14లో సంపద పన్ను 1,008 కోట్లే వచ్చిందని కారణం చెప్పి, అధికాదాయ వర్గాలపై 2 శాతం సర్‌చార్జి పెంచారు. కాని 1993 నుంచే కంపెనీల వాటాలను ఆ పన్ను పరిధి నుంచి తప్పించారు. పెద్ద చేపలు పోయేంత కంత వలకు తామే పెట్టి, చేపలు పడలేదని వలను తగలబెట్టడం వంటిదిది.

2019లో కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఖజానాకు 1.45 లక్షల కోట్ల రాబడి తగ్గుతుందని ప్రభుత్వమే చెప్పింది. దానికి ‘ప్రోత్సాహకం’ అని పేరు. పేదవాని బియ్యానికి ‘ఉచితం’ అని పేరు. పదాలకు వర్గం ఉంటుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఇక సోమరితనం మాట. 2011-12లో మధ్యప్రదేశ్ గ్రామాల్లో ‘సేవా’ సంస్థ జరిపిన ప్రయోగంలో పెద్దలకు నెలకు 200, తర్వాత 300 రూపాయల చొప్పున, పిల్లలకు అందులో సగం ఇచ్చారు. పని తగ్గలేదు. కూలికి పోయేవారిలో కొందరు సొంత సేద్యం వైపు మళ్లారు.

అయితే నగదు ఇచ్చినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పంటకు ఎకరానికి 4,000 రూపాయలిచ్చింది. ఎకరాలు ఎక్కువున్నవానికి ఎక్కువ ముట్టింది. కౌలురైతుకు ఏమీ ముట్టలేదు. అలాగే రేషనూ బడీ ఆసుపత్రీ తీసివేసి చేతిలో నోటు పెడితే, అది కనీస ఆదాయం పేరిట జరిగే వంచన అవుతుంది. సంపన్నుల మీద పన్ను లేని కనీస ఆదాయం పేదల ఒక జేబులోంచి తీసి మరో జేబులో వేయడమే.

శిబి, బలి, కర్ణుడు మన సాహిత్యంలో దాతలకు కొదవ లేదు. దాత చేతిలోకి ఆ సంపద ఎలా చేరిందని అడిగిన కావ్యాలు అరుదు. పుచ్చుకునేవాడు ఎప్పుడూ చేయి చాచి నిలబడ్డ యాచకుడే. నేటి కథకుడు కూడా అతన్ని అలాగే చిత్రిస్తే, మా పిల్లల మొదటి వాక్యం మారదు. ఆ చేయి బాకీ వసూలుకు చాచిన చేయి అని చూపగలగాలి. అభ్యుదయ రచయిత చేయవలసిన పని అది.