పాట తియ్యన... కథ చేదు!

మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలున్నారా? అయితే ఈ పాట వాళ్ళ గదిలోంచి ఎప్పుడో ఒకప్పుడు మీ చెవిన పడే ఉంటుంది. ముందు ఓ ఆడపిల్ల గొంతు నెమ్మదిగా, దిగులుగా ఎత్తుకుంటుంది. ఎంత బావుంటుందంటే, పోపు వేస్తున్న చెయ్యి కూడా ఓ క్షణం ఆగుతుంది! ఆ వెంటనే ఓ మగగొంతు వచ్చి రోకటిపోటులా మాటలు దంచడం మొదలుపెడుతుంది. "ఇదేం పాటే తల్లీ, పోట్లాటలా ఉందీ!" అని మీరు విసుక్కునే ఉంటారు.

మీరన్నది అక్షరాలా నిజం. అది పోట్లాటే. కలిసి బతకలేక, విడిపోలేక కొట్టుకు చస్తున్న ఓ జంట పోట్లాట. 2010 వేసవిలో అమెరికాలో వచ్చిన ఆ పాట పేరు 'లవ్ ద వే యు లై'. 'నువ్వు అబద్ధాలు చెప్పే తీరంటేనే నాకిష్టం' అని దానర్థం. పాడినవాళ్ళు ఇద్దరు. ఎమినెమ్, రిహానా.

"ఆ ఇంగ్లీషు పాటల గోల మనకెందుకమ్మా?" అంటారా? కాస్త ఓపిగ్గా వినండి. భాష వాళ్ళదే గానీ, అందులో ఉన్న కాపురం మనకు తెలియనిదేం కాదు.

కథ చెప్పేది ఒకరు, వంత పాడేది ఒకరు

మన సినిమా డ్యూయెట్‌లో అతనో చరణం, ఆమెో చరణం పంచుకుంటారు కదా! ఈ హిప్‌హాప్, పాప్ జంట పాటల్లో లెక్క వేరు. ఇది బుర్రకథకు దగ్గర. కథకుడు కథంతా చెబుతూ పోతాడు, వంతలు మధ్యమధ్య అందుకుంటారు. ఇక్కడ ర్యాప్ చేసేవాడు కథకుడు, పాప్ గాయని వంత. చరణాలన్నీ ఎమినెమ్‌వి, పల్లవి ఒక్కటే రిహానాది. అంటే ఇద్దరు పడ్డ గొడవను మగవాడి వైపు నుంచే వింటాం మనం. ఆమె ఏవనుకుంటోందో ఆ పల్లవి నాలుగు ముక్కల్లోంచి ఊహించుకోవాల్సిందే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

తమాషా ఏవిటంటే, ఆ పల్లవి రాసింది ఎమినెమూ కాదు, రిహానా కూడా కాదు. స్కైలర్ గ్రే అనే యువతి. అప్పటికామె పేరు పెద్దగా ఎవరికీ తెలీదు. ఆరెగాన్ రాష్ట్రంలో అడవి దగ్గర ఓ చిన్న చెక్క ఇంట్లో ఒంటరిగా ఉంటూ, చేతిలో డబ్బు ఆడక ఇబ్బంది పడుతున్న రోజుల్లో రాసుకుంది. ఆమె మనసులో ఉన్నది భర్తా కాదు, ప్రియుడూ కాదు. సంగీత పరిశ్రమ! ప్రేమించిన ఆ రంగమే తనని ఎలా నలిపేసిందో తల్చుకుంటూ రాసిందట. అలెక్స్ ద కిడ్ అనే బ్రిటిష్ నిర్మాత దాన్ని ఎమినెమ్‌కి చేర్చాడు. ఎమినెమ్ దాన్ని ఆలుమగల గొడవగా మార్చి చరణాలు రాశాడు. ఆ పల్లవిని రిహానాయే పాడాలని పట్టుబట్టాడు.

ఎందుకు పట్టుబట్టాడో తెలియాలంటే ఓ ఏడాది వెనక్కి వెళ్ళాలి.

ఇద్దరివీ కాలిన చేతులే

2009 ఫిబ్రవరి 8. లాస్ ఏంజెలెస్‌లో గ్రామీ అవార్డుల పండగ. తెల్లారితే ఇద్దరూ వేదిక మీద పాడాలి. ఆ తెల్లవారుజామున, కారులోనే, రిహానాని ఆమె ప్రియుడు, గాయకుడు క్రిస్ బ్రౌన్ గొడ్డుని బాదినట్టు బాదాడు. అప్పటికి ఆమెకింకా 21 ఏళ్ళు నిండలేదు. వాచిపోయిన ముఖంతో ఉన్న ఆమె ఫోటో బయటికి పొక్కి లోకమంతా తిరిగింది. అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అయిదేళ్ళ ప్రొబేషన్, దాంతోపాటు ఒళ్ళొంచి చేసే సమాజసేవ శిక్షగా పడ్డాయి.

ఇక జనం ఏవన్నారో చూడండి. బోస్టన్ నగర ఆరోగ్య శాఖ వాళ్ళు 12 నుంచి 19 ఏళ్ళ పిల్లలు 200 మందిని ఈ సంగతి గురించి అడిగారు. అందులో 46 శాతం మంది, జరిగినదానికి రిహానాయే బాధ్యురాలన్నారు! "ఊరికే కొడతాడా, ఈవిడేదో అనే ఉంటుంది" అనే మాట మన వీధి అరుగుల మీదే పుట్టిందనుకుంటాం. కాదండీ, దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

అంతకంటే కష్టమైన విషయం ఇంకొకటుంది. దెబ్బలు తిన్నాక రిహానా మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళింది. ఆ తర్వాతే విడిపోయింది. 2009 నవంబరులో టీవీ ఇంటర్వ్యూలో ఆ మాట తనే ఒప్పుకుంది. తనని చూసి ఏ ఆడపిల్లయినా అలాగే కొట్టినవాడి దగ్గరికి తిరిగెళ్ళి ప్రాణం పోగొట్టుకుంటే ఆ పాపం తనదవుతుందనిపించి తేరుకున్నానని చెప్పింది.

మరి ఎమినెమ్? అతనూ తక్కువేం తినలేదు. 1999లో చేసుకున్న పెళ్ళి 2001లో విడాకులైంది. 2006 జనవరిలో ఆవిణ్ణే మళ్ళీ పెళ్ళాడాడు, ఏడాది తిరక్కుండానే మళ్ళీ విడాకులు. అంతకుముందు 2000లో వచ్చిన ఆల్బంలో, భార్య పేరునే పాటకి పేరుగా పెట్టి, ఆవిడని చంపుతున్నట్టు పాడిన ఘనుడు! కాబట్టి 'నీతులు చెప్పడానికి నువ్వెవడివి?' అని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆ ప్రశ్న అన్యాయమైందని నేననను.

దెబ్బ తగిలినవాళ్ళ వైపు ఒకరు, కోపం పట్టలేని వైపు ఒకరు. ఈ హింస ఎలా చక్రంలా తిరుగుతుందో పాట విప్పి చెప్పింది కాబట్టే తాను ఒప్పుకున్నానని రిహానా తర్వాత చెప్పింది. ఇద్దరూ ఒకచోట కూర్చుని పాడింది కూడా లేదు. ఎమినెమ్ మిషిగన్‌లో రికార్డు చేస్తే, రిహానా ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉండి తన భాగం పాడి పంపింది.

ఆ చక్రం సంగతి

పాటలో కథ మూడు మెట్లుగా నడుస్తుంది. మొదట పిచ్చి ప్రేమ. ఊపిరాడనంత ప్రేమ. తర్వాత మాటామాటా పెరగడం, గోడకేసి నెట్టడం, సామాను విసరడం. ఆ పైన బతిమాలడం... తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చెయ్యెత్తను, వచ్చెయ్యి అని. వినేవాళ్ళకి జాలి వేస్తుంది. అప్పుడే చివరి మాట వస్తుంది. మళ్ళీ వెళ్ళిపోవాలని చూశావా, మంచానికి కట్టేసి ఇల్లు తగలబెట్టేస్తానంటాడు!

అమెరికన్ సైకాలజిస్టు లెనోర్ వాకర్ 1979లో తన పుస్తకంలో సరిగ్గా ఈ మూడు దశలే చెప్పింది. లోలోపల రాజుకోవడం, విరుచుకుపడడం, ఆ తర్వాత కాళ్ళావేళ్ళా పడి తేనెలొలికించడం. ఈ మూడోదాన్ని 'హనీమూన్' దశ అంటారు. దెబ్బకంటే ఇదే ప్రమాదం. దెబ్బ తింటే పారిపోవాలనిపిస్తుంది, ఏడ్చి దణ్ణం పెడితే ఆగిపోవాలనిపిస్తుంది కదా! తన్నిన మర్నాడు మల్లెపూలూ జిలేబీ పొట్లం తెచ్చే మొగుడి కథ మీకు తెలియనిదా?

వెళ్ళిపోతే చంపేస్తాననే ఆ బెదిరింపునీ ఉత్త పాటేలే అని కొట్టిపారెయ్యకండి. ఆడమనిషి ఇల్లు విడిచి రావాలనుకున్నప్పుడు, వచ్చిన కొత్తల్లోనే ప్రాణానికి ఎక్కువ ముప్పు అని ఈ విషయం మీద పనిచేసేవాళ్ళందరూ చెబుతారు. పీక నొక్కడం ఒక్కసారి జరిగినా అది చాలా పెద్ద ప్రమాద సూచన.

ఇంత భయంకరమైన కథకి అంత తియ్యని బాణీ ఏవిటి? అక్కడే గొడవ మొదలైంది.

మెచ్చుకున్నవాళ్ళు, మండిపడ్డవాళ్ళు

పాట పిచ్చిగా ఆడింది. అమెరికాలో బిల్‌బోర్డు పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. బ్రిటన్‌లో రెండో స్థానం దాటలేకపోయినా, 2010 సంవత్సరం మొత్తం మీద అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ ఇదే. గ్రామీలకి అయిదు విభాగాల్లో నామినేషన్లొచ్చాయి, ఒక్కటీ దక్కలేదనుకోండి! యూట్యూబ్‌లో వీడియో వంద కోట్ల వీక్షణలు ఎప్పుడో దాటేసింది.

అసలు చిచ్చు పెట్టింది ఆ వీడియోనే. 2010 ఆగస్టులో వచ్చింది. జోసెఫ్ కాన్ దర్శకుడు. అందగత్తెగా పేరున్న నటి మెగన్ ఫాక్స్, నటుడు డొమినిక్ మోనహన్ అందులో జంట. కొట్టుకుంటారు, మరుక్షణం ముద్దులు పెట్టుకుంటారు, మళ్ళీ కొట్టుకుంటారు. వెనక ఇల్లు తగలబడుతుంటుంది, దాని ముందు నిలబడి రిహానా పాడుతుంటుంది. ఇంత అందమైనవాళ్ళని పెట్టి, ఇంత అందంగా చూపిస్తే కుర్రకారు దీన్ని ఘాటైన ప్రేమ అనుకోరా అని కొందరు మండిపడ్డారు. బాధితులకి సాయం చేసే సంస్థల వాళ్ళలో కూడా రెండు మాటలు వినిపించాయి. నలుగురిలో నోరెత్తని విషయం కనీసం చర్చకి వచ్చింది కదా అన్నవాళ్ళూ ఉన్నారు. మెగన్ ఫాక్స్ మాత్రం తన పారితోషికాన్ని శాంటా మోనికాలో హింసకు గురైన స్త్రీలకి నీడనిచ్చే 'సోజర్న్' అనే ఆశ్రయానికి ఇచ్చేసింది.

నా మటుకు నాకు, పాట తప్పు చెప్పలేదనే అనిపిస్తుంది. ఆ మగవాడి మాటలు అతన్నే పట్టిస్తాయి. కానీ మాటలు పట్టించుకునేదెవరు? పల్లవి మాత్రం అందరి నోటా ఆడుతుంది. కొడుతున్నా ఫరవాలేదు, అదే ఇష్టం అని ఓ ఆడగొంతు హాయిగా పాడుతుంటే, పదహారేళ్ళ పిల్ల అందులో వ్యంగ్యం వెతుక్కుంటుందా?

ఇది మన ఇళ్ళకి దూరం అనుకుంటున్నారేమో! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళని అడిగారు, ఏ కారణానికైనా భర్త భార్యని కొట్టడం సబబేనా అని. ఇంటిని, పిల్లల్ని పట్టించుకోకపోతే, ఎదురు చెబితే, అత్తమామలంటే లెక్కలేకపోతే, వంట సరిగ్గా చెయ్యకపోతే... ఇలా ఏడు కారణాలు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 84 శాతం మంది స్త్రీలు ఏదో ఒక కారణానికి సబబేనన్నారు. వంటల పేజీలున్న పత్రికలో ఆ 'వంట సరిగ్గా చెయ్యకపోతే' అన్నది చదివితే ఒళ్ళు మండదూ? బోస్టన్ పిల్లల 46 శాతం దీని ముందు చిన్నబోయింది.

మనకి చట్టం మాత్రం ఉంది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. చెయ్యి చేసుకోవడమే కాదు, తిట్టడం, బెదిరించడం, ఖర్చులకి డబ్బివ్వకుండా వేధించడం కూడా హింస కిందికే వస్తాయి. ఇల్లు మీ పేర లేకపోయినా కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది. 181కి ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది, ప్రాణం మీదికొస్తే 112. సఖి కేంద్రాల్లో వసతి, వైద్యం, న్యాయ సహాయం ఉచితం. వెళ్ళాలనుకుంటే ముందే ఎవరికీ చెప్పకుండా ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, పాస్‌బుక్కు నమ్మకమైన మనిషి దగ్గర పెట్టుకోండి.

మళ్ళీ పాట దగ్గరికొద్దాం. కథ అంతా మగవాడి వైపునుంచే ఉందని ఇందాక అనుకున్నాం కదా! 2010 నవంబరులో వచ్చిన రిహానా సొంత ఆల్బం 'లౌడ్'లో దీనికి రెండో భాగం ఉంది. అందులో చరణాలు ఆమెవి. ఆ కాపురంలో ఆమె ఎందుకు ఉండిపోయిందో ఆమె నోటే వింటాం. ఎమినెమ్ ఆఖర్న వస్తాడు. మొదటిదానంత పేరు దీనికి రాలేదు. జనానికి అతని కోపం నచ్చినంతగా ఆమె బాధ నచ్చలేదేమో!

పాట పాడినంత మాత్రాన ఆమె ఆ చక్రంలోంచి బయటపడిందనుకోకండి. 2012లో క్రిస్ బ్రౌన్‌తో కలిసి ఓ పాట పాడింది. 2013 మొదట్లో మళ్ళీ జత కట్టారు. ఆ ఏడాదే మళ్ళీ విడిపోయారు. డబ్బు, పేరు, చుట్టూ కాపలా ఉన్న మనిషికే ఇన్నేళ్ళు పట్టింది.

2012లో స్కైలర్ గ్రే తన మొదటి రికార్డింగును కూడా విడుదల చేసింది. ర్యాప్ లేదు, మగగొంతు లేదు. ఆ చెక్క ఇంటి పిల్ల ఒక్కతే పాడుతుంటుంది. మీ అమ్మాయి ఈసారి ఆ పాట పెడితే, మూడూ వరసగా పెట్టమనండి. మధ్యలో మీరు ఆమెని అడగాల్సింది ఒకటే. "అతను అలా బతిమాలుతున్నాడు కదా, నువ్వయితే వెనక్కి వెళ్తావా?" ఏం చెప్పినా అడ్డు తగలకుండా చివరిదాకా వినండి.